మీటరు చూపే అంకె ఎవరి చేతికి?



సూరత్ పేరు వినగానే తెలంగాణ పల్లెల్లో చాలామందికి ఎవరో ఒక బంధువు గుర్తుకొస్తారు. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి పద్మశాలీ కుటుంబాలు తరాలుగా మగ్గాల పని కోసం గుజరాత్‌లోని ఆ ఊరికి వలస వెళ్తున్నాయి. అక్కడి లింబాయత్ వీధుల్లో తెలుగు మాట వినపడుతుంది, కార్పొరేషన్ నడిపే తెలుగు బడులు కూడా ఉన్నాయి. మరమగ్గాల మీద నేసిన బట్ట రంగు అద్దకానికి వెళ్ళేది ఊరి చుట్టూ ఉన్న పాండేసరా, సచిన్, పల్సానాల మిల్లులకు. రంగు పట్టాలంటే ఆవిరి కావాలి. ఆవిరికి బాయిలరు, బాయిలరుకు బొగ్గో లిగ్నైటో కావాలి. ఆ చిమ్నీల నుంచి వచ్చే దుమ్మును పీల్చేవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు.

సెన్సార్లు, ఆన్‌లైన్ మీటర్లు, కంప్యూటర్లు ఫ్యాక్టరీల వల్ల గాలికీ నీటికీ జరిగే హానిని తగ్గిస్తాయా అన్నది ఈ రోజు విషయం. పరికరాలు అమ్మే కంపెనీలు తగ్గిస్తాయనే చెబుతాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీటరు పెట్టినంత మాత్రాన పొగ తగ్గదు. మీటరు చూపిన అంకె ఎవరి చేతికి వెళ్తుంది, అది పెరిగితే ఎవరి జేబుకు చిల్లు పడుతుంది అన్నదాన్ని బట్టి తగ్గుతుంది. సూరత్ కథలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

గుజరాత్‌లో ఫ్యాక్టరీల కాలుష్యాన్ని బయటి ఆడిటర్లు కొలిచే పద్ధతి ఒకటుంది. 1996లో హైకోర్టు చొరవతో వచ్చింది. చిమ్నీ నుంచి వెలువడే దుమ్ము ఘనపు మీటరు గాలిలో 150 మిల్లీగ్రాములు దాటకూడదన్నది పరిమితి. ఆడిటరు వచ్చి కొలిచి రిపోర్టు రాస్తాడు. చిక్కేమిటంటే అప్పట్లో ఆడిటర్ని ఎంచుకున్నది ఫ్యాక్టరీ యజమాని, డబ్బు ఇచ్చిందీ ఆయనే. ఎస్తర్ డుఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రోహిణి పాండే, నికొలస్ రయాన్ అనే ఆర్థికవేత్తలు అక్కడి కాలుష్య నియంత్రణ మండలితో కలిసి ఈ రిపోర్టులను పరిశీలించారు. అంకెలన్నీ 150కి కొంచెం కిందనే గుంపుగా చేరి ఉన్నాయి. తర్వాత వేరేవాళ్ళను పంపి అవే చిమ్నీలను మళ్ళీ కొలిపించారు. ఆడిటర్ల లెక్క ప్రకారం దుమ్ము పరిమితి దాటిన ఫ్యాక్టరీలు 7 శాతం. నిజానికి దాటినవి 59 శాతం.

అప్పుడు వాళ్ళు పద్ధతిని మార్చి చూశారు. ఏ ఆడిటరు ఏ ఫ్యాక్టరీకి వెళ్ళాలన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. ఫీజు యజమాని చేతి మీదుగా కాకుండా ఉమ్మడి నిధి నుంచి ఇచ్చారు. కొలిచిన చిమ్నీలను చెప్పాపెట్టకుండా మళ్ళీ కొలిపించారు. లేనిది ఉన్నట్టు రాసే రిపోర్టులు 80 శాతం తగ్గాయి. ఫ్యాక్టరీలు నిజంగానే కాలుష్యం తగ్గించుకున్నాయి. ఇందులో కొత్త యంత్రం ఒక్కటీ లేదు. చిమ్నీ ఎక్కి దుమ్ము పట్టి తూకం వేసే పాత పద్ధతే. మారిందల్లా కొలిచేవాడు ఎవరికి జవాబుదారీ అన్నది.

ఇక డిజిటల్ సంగతి. 2014 ఫిబ్రవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెద్ద ఆదేశమొకటి ఇచ్చింది. సిమెంటు, ఉక్కు, మందులు, చక్కెర, కాగితం, తోళ్ళు, ఎరువులు, పురుగుమందులు, థర్మల్ విద్యుత్తు వంటి 17 రకాల పరిశ్రమలు, వ్యర్థజలాలను ఉమ్మడిగా శుద్ధి చేసే కేంద్రాలు తమ చిమ్నీల్లో, కాలువల్లో ఆన్‌లైన్ మీటర్లు పెట్టుకోవాలని, ఆ అంకెలు రాత్రింబవళ్ళు నేరుగా మండలి సర్వర్‌కు చేరాలని దాని సారాంశం. మంచి ఆదేశం. అంతకుముందు అధికారి ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చేవాడు, వస్తున్నాడన్న కబురు ఆయనకంటే ముందే చేరేది. అర్ధరాత్రి దుమ్మును పట్టే బ్యాగ్ ఫిల్టరు ఆపేసి పొగ వదిలినా అడిగే దిక్కు ఉండేది కాదు.

అయితే ఈ మీటరు ఎలా పనిచేస్తుందో తెలియకపోతే దాన్ని ఎంతవరకు నమ్మాలో తెలియదు. చిమ్నీలో దుమ్మును కొలిచే మీటరు దుమ్మును తూచదు. ఒక రకంలో లేజరు కిరణం చిమ్నీకి అడ్డంగా పోతుంది, దుమ్ము వల్ల ఆ వెలుగు ఎంత చెదిరిందో పరికరం చూస్తుంది. ఇంకో రకంలో ఒక లోహపు కడ్డీని రాసుకుంటూ రేణువులు వెళ్తాయి, ఆ రాపిడిలో పుట్టే విద్యుత్ ఆవేశాన్ని కొలుస్తుంది. వచ్చే సంకేతాన్ని మిల్లీగ్రాములుగా మార్చాలంటే ముందు మనుషులు చిమ్నీ ఎక్కాలి. ఫిల్టరులో దుమ్ము పట్టి, ల్యాబులో తూకం వేసి, ఇంత సంకేతానికి ఇంత దుమ్ము అని లెక్క కట్టాలి. దాన్నే క్యాలిబ్రేషన్ అంటారు. నిన్న బొగ్గు కాల్చినవాళ్ళు ఈ రోజు లిగ్నైటు కాలిస్తే రేణువుల తీరు మారుతుంది, పాత లెక్క చెల్లదు. ఈ క్యాలిబ్రేషన్ చేసే ఏజెన్సీకి డబ్బు ఎవరిస్తారు? చాలాచోట్ల ఫ్యాక్టరీయే. పాత జబ్బే కొత్త చొక్కా తొడుక్కుని తిరిగొచ్చే దారి ఇది. దీనికి తోడు నెట్ పోయిందని, కరెంటు పోయిందని, మీటరు రిపేరులో ఉందని డేటా ఆగిపోవచ్చు. ఆగిన ఆ గంటల్లో చిమ్నీ ఏం చేసిందో సర్వర్‌కు తెలియదు.

2019లో సూరత్‌లో మొదలైన ప్రయోగం సరిగ్గా ఈ లోపాల మీదే గురిపెట్టింది. గాలిలో కలిసే దుమ్ము రేణువులకు ప్రపంచంలోనే మొట్టమొదటి పర్మిట్ల సంత అది. 300కు పైగా మిల్లులను తీసుకున్నారు. అన్నిటికీ ఆన్‌లైన్ మీటర్లు పెట్టించారు. లాటరీ పద్ధతిలో సగం మిల్లులను సంతలో చేర్చి, మిగతా సగాన్ని పాత నిబంధనల కిందే ఉంచారు. సంతలో ఉన్న మిల్లులన్నీ కలిపి నెలకు ఇన్ని టన్నుల దుమ్ము మించకూడదని మొత్తానికి ఒక గీత గీశారు. ఆ మేరకు కిలోల లెక్కన పర్మిట్లు పంచారు. తక్కువ వదిలినవాళ్ళు మిగిలిన పర్మిట్లు అమ్ముకోవచ్చు, ఎక్కువ వదిలినవాళ్ళు కొనుక్కోవాలి. గడువు ముగిసేసరికి పర్మిట్లు చాలకపోతే సంతలో ఉండే గరిష్ఠ ధరకు రెట్టింపు చెల్లించాలి.

ఈ ఏర్పాటులో నాకు అన్నిటికంటే నచ్చింది చిన్న నిబంధన. మీటరు నుంచి డేటా రాకపోతే ఆ కాలానికి ఆ మిల్లు ఎక్కువ దుమ్మే వదిలిందని లెక్క రాసుకుంటారు. అంటే మీటరు ఆగితే నష్టం యజమానికే. ఎన్నాళ్ళుగానో బాగుపడని మోడెములు ఒక్కసారిగా బాగుపడే మంత్రం ఇది! ఫలితం అంకెల్లో చెబుతాను. సంతలో ఉన్న మిల్లులు వదిలిన దుమ్ము మిగతా మిల్లులతో పోలిస్తే 20 నుంచి 30 శాతం తగ్గింది. అదే తగ్గింపును పాత పద్ధతిలో సాధించడానికి అయ్యే ఖర్చు కంటే 11 శాతం తక్కువకే ఇది జరిగింది. మీటరు రెండు గుంపులకూ ఉందన్న సంగతి ఇక్కడ మరిచిపోకూడదు. తేడా తెచ్చింది మీటరు కాదు, మీటరు అంకెకు కట్టిన ధర.

ఫ్యాక్టరీ గోడల లోపలికి వెళ్తే కథ కొంచెం వేరు. అక్కడ అంకె, జేబు ఒకే మనిషివి కనుక డిజిటల్ పరికరాలు ఎవరూ బలవంతపెట్టకుండానే పనిచేస్తాయి. ఫ్యాన్ల సంగతే తీసుకోండి. ఏ సిమెంటు మిల్లులోనైనా, బాయిలరు దగ్గరైనా పెద్ద పెద్ద ఫ్యాన్లు గాలిని తోస్తుంటాయి. పాత పద్ధతిలో ఫ్యాను పూర్తి వేగంతో తిరుగుతూనే ఉంటుంది, గాలి తక్కువ కావాలంటే దారికి అడ్డంగా ఒక రేకు మూస్తారు. యాక్సిలరేటరు నొక్కిపెట్టి బ్రేకుతో బండి నడిపినట్టు. వేగాన్నే మార్చగలిగే ఎలక్ట్రానిక్ డ్రైవు పెడితే, ఫ్యాను వేగం 20 శాతం తగ్గినప్పుడు అది తీసుకునే కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది. ఎందుకంటే ఫ్యానుకు కావలసిన శక్తి వేగపు ఘనాన్ని బట్టి మారుతుంది. కంప్రెసర్లూ అంతే. అరిగిన గొట్టాలు, వదులైన జాయింట్ల గుండా కంప్రెస్ చేసిన గాలిలో 20, 30 శాతం దాకా కారిపోవడం మన ఫ్యాక్టరీల్లో వింతేమీ కాదు. షిఫ్టు అయిపోయి యంత్రాలన్నీ ఆగిన రాత్రివేళ కూడా గాలి మీటరు ముల్లు కదులుతుంటే కారుతున్నదెంతో తెలిసిపోతుంది. ఆ లీకులు పట్టుకోవడానికి సబ్బు నురుగు చాలు. కానీ కారుతోందని తెలియాలంటే మీటరు కావాలి.

ఇదే పనిని దేశం మొత్తం మీద చేయించే ప్రయత్నంగా 2012లో పీఏటీ అనే పథకం వచ్చింది. సిమెంటు, ఉక్కు, ఎరువులు, థర్మల్ విద్యుత్తు వంటి 8 రంగాల్లో 478 పెద్ద యూనిట్లకు, టన్ను సరుకుకు ఇంత ఇంధనం అని లక్ష్యం పెట్టారు. దాటి ఆదా చేసినవాళ్ళకు అమ్ముకోదగ్గ సర్టిఫికెట్లు ఇచ్చారు. మొదటి మూడేళ్ళలో లక్ష్యాన్ని మించి 86 లక్షల టన్నుల చమురుకు సమానమైన శక్తి ఆదా అయింది. తాండూరు, హుజూర్‌నగర్, జగ్గయ్యపేట, ఎర్రగుంట్ల వంటి చోట్ల ఉన్న సిమెంటు కర్మాగారాల కంట్రోల్ రూములు ఈ కాలంలో మారిపోయాయి. సున్నపురాయిని కాల్చే కిల్నులో ఆక్సిజన్ ఎంత, మంట ఎంత, మెత్తనైన రాతిపొడిలో సున్నం ఎంత అన్నది చూసుకుంటూ కంప్యూటరే ఇంధనాన్ని సర్దుతుంది.

అలాగని కంప్యూటరు చేయలేని పనిని దాని ఖాతాలో వేయకూడదు. సిమెంటు నుంచి వెలువడే కార్బన్ డయాక్సైడులో దాదాపు 60 శాతం ఇంధనం వల్ల వచ్చేది కాదు. సున్నపురాయిని కాల్చినప్పుడు ఆ రాతిలోంచే వచ్చేది. దాన్ని ఎంత తెలివైన సాఫ్ట్‌వేరూ ఆపలేదు. అలా కాల్చగా వచ్చే క్లింకరును తగ్గించి బూడిదో, ఉక్కు ఫ్యాక్టరీ చిట్టెమో కలపాలి. అది రసాయనశాస్త్రం పని. మరో సంగతి. ఆదా వల్ల సరుకు చవకైతే జనం ఎక్కువ కొంటారు, మొత్తం వాడకం పెరుగుతుంది. ఆవిరియంత్రాలు మెరుగయ్యేకొద్దీ ఇంగ్లండులో బొగ్గు వాడకం పెరుగుతోందని ఆర్థికవేత్త జెవన్స్ 1865లోనే రాశాడు. టన్నుకు ఎంత తగ్గిందో చెప్పే కంపెనీని మొత్తం ఎంత పెరిగిందని కూడా అడగాలి. సెన్సార్లూ సర్వర్లూ కూడా ఊరికే రావు. 2022లో ప్రపంచంలో పోగైన ఎలక్ట్రానిక్ చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులు. పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసింది అందులో నాలుగో వంతు కూడా లేదు.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వస్తాను. ఇది చెప్పాలనే ఇంత దూరం వచ్చాను.

పటాన్‌చెరు పరిసరాల్లో మందుల ఫ్యాక్టరీలు వచ్చిన తర్వాత నక్కవాగు ఏమైందో ఆ వాగు వెంట ఉన్న ఊళ్ళ రైతులకు తెలుసు. డాక్టర్ కిషన్‌రావు వంటివాళ్ళు జీవితమంతా ఆ వాగు కోసం పోరాడారు, కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి ఒక పత్రం ప్రచురించింది. సుమారు 90 మందుల తయారీ యూనిట్ల వ్యర్థజలాలు ఆ కేంద్రానికి చేరేవి. శుద్ధి చేసిన నీటిలోనే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత గాఢత ఉండదు. అలాంటి నీటిలో బతికి బట్టకట్టిన సూక్ష్మజీవులకు ఆ మందు ఇక పనిచేయదు.

ఆన్‌లైన్ మీటర్లు వచ్చాక ఇలాంటి కాలువలో కొలిచేది ఏమిటి? నీటి పీహెచ్, ప్రవాహం, తేలే మట్టి, నీటిలోని మలినానికి ఎంత ఆక్సిజన్ ఖర్చవుతుందో చెప్పే సీఓడీ, బీఓడీ. అన్నీ అవసరమైనవే. కానీ ఆ వరసలో యాంటీబయాటిక్ లేదు. మీటర్లన్నీ పచ్చగా వెలుగుతున్నా సిప్రోఫ్లాక్సాసిన్ హాయిగా వాగులో కలిసిపోవచ్చు. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెడుతూ ముసాయిదా విడుదల చేసింది. 2021లో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు. నాకు దీనిమీద కోపం ఉంది, దాచుకోను. కొలవకూడదని నిర్ణయించుకున్నదాన్ని ఏ సెన్సారూ కొలవదు.

విశాఖలో 2020 మే 7 తెల్లవారుజామున జరిగింది కూడా కొలత సంగతే. ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో స్టైరీన్ అనే రసాయనం నిల్వ చేసిన ట్యాంకు లాక్‌డౌన్ వల్ల వారాల తరబడి కదలిక లేకుండా ఉండిపోయింది. ఉష్ణోగ్రత చూసే పరికరం ట్యాంకు అడుగు భాగంలో ఉంది. అక్కడ చల్లగానే కనిపిస్తోంది. పైభాగంలో స్టైరీన్ తనంతట తాను గట్టిపడే రసాయన చర్య మొదలై వేడి పెరుగుతూ పోయింది, ఆవిరి బయటికి తన్నుకొచ్చింది. ఆర్.ఆర్. వెంకటాపురం చుట్టుపక్కల 12 మంది చనిపోయారు. మధ్యలో, పైన ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటే లేదని రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. సైరను కూడా మోగలేదు. కంట్రోల్ రూములో కనిపించిన అంకె అబద్ధం కాదు. అది ట్యాంకు అడుగు గురించి చెప్పిన నిజం. ఊరికి కావలసింది ట్యాంకు పైభాగం గురించిన నిజం.

అందుకే ఏం కొలుస్తున్నారు, ఎక్కడ కొలుస్తున్నారు అన్న ప్రశ్నలు ఇంజినీర్లకు వదిలేసేవి కావంటాను. ఆ ఫ్యాక్టరీ పక్కన బావి ఉన్న రైతుకు, ప్రహరీకి అవతల అద్దెకుండే కూలీకి ఆ ప్రశ్న అడిగే హక్కుంది. 2017 ఫిబ్రవరి 22న సుప్రీంకోర్టు పర్యావరణ సురక్షా సమితి కేసులో ఇచ్చిన తీర్పులో, ఫ్యాక్టరీల ఆన్‌లైన్ మీటర్ల డేటాను రాష్ట్ర కాలుష్య మండలి పోర్టల్‌లో జనానికి కనిపించేలా పెట్టాలని చెప్పింది. అంతకుముందే, 2003లో ప్రమాదకర వ్యర్థాల కేసులో కోర్టు ఇచ్చిన ఆదేశాలతో ఫ్యాక్టరీ గేటు బయట బోర్డు పెట్టి, వాడే ప్రమాదకర రసాయనాలు, వదిలే పొగ, నీళ్ళు, చెత్త వివరాలు రాసే పద్ధతి వచ్చింది. 1974 నాటి జల చట్టం 25వ సెక్షన్ ప్రకారం ఒక్కో ఫ్యాక్టరీకి ఏయే షరతుల మీద అనుమతి ఇచ్చారో మండలి రిజిస్టరు ఉంచాలి. సంబంధమున్న ఎవరైనా దాన్ని చూడవచ్చు.

పాశమైలారంలోనో, జీడిమెట్లలోనో, పరవాడలోనో ఫ్యాక్టరీల పక్కన ఉండే శ్రోతలు ఈ మాటలు వింటుంటే ఒక కాగితం తీసుకోండి. సమాచార హక్కు చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలికి దరఖాస్తు రాయండి. పోయిన ఏడాది ఈ ఫ్యాక్టరీ మీటరు చూపిన సగటు ఎంత అని మాత్రమే అడిగితే అందంగా కనిపించే అంకె ఒకటి వస్తుంది, దానితో పని జరగదు. పోయిన ఏడాదిలో మీటరు నుంచి డేటా రాని గంటలు ఎన్ని, అవి ఏయే తేదీల్లో, పగలా రాత్రా అని అడగండి. ఆ గంటలకు ఫ్యాక్టరీ మీద ఏ చర్య తీసుకున్నారని అడగండి. చివరిసారి క్యాలిబ్రేషన్ ఎవరు చేశారు, వాళ్ళకు డబ్బు ఎవరిచ్చారని అడగండి. అది మందుల ఫ్యాక్టరీ అయితే, బయటికొచ్చే నీటిలో అక్కడ తయారయ్యే మందును ఎప్పుడైనా కొలిచారా అని కూడా అడగండి.